దూది గదిలో ఊపిరి

పరుపులావిడవి పాము చెవులని చుట్టుపక్కల దుకాణాల వాళ్ళంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. వీధిలో లారీ పోతున్నా, నడిమి గదిలో దూది ఏకే మిషను రొదపెడుతున్నా, కూతురు మేడమెట్ల మీద ఎన్నో మెట్టు దగ్గర ఆగిందో కుట్టుపని మీంచి తలెత్తకుండానే చెప్పగలదు. ఆరేళ్ళ కిందట పదహారో మెట్టు మీద ఆగేది. కిందటేడు పదకొండో మెట్టు. ఈమధ్య ఏడో మెట్టు దగ్గరే కడ్డీ పట్టుకుని నిలబడిపోతోంది. ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతుంది. కన్నతల్లి దగ్గరా ఈ నాటకాలు అని మనకి అనిపిస్తుంది గానీ, నాటకాల సంగతికొస్తే ఆ తల్లి ముందు ఆ కూతురు ఏ మూలకి.

ముందు వైపు దుకాణం, మధ్యలో ఏకే మిషను, వెనక దూది నిలవచేసే గది, మేడ మీద ఇల్లు. నలభై ఏళ్ళుగా పరుపులావిడ లోకం ఇంతే. చేతిలో జానెడు దబ్బనం, దానికి పురికొసంత లావు దారం. ఆవిడ కుట్టిన పరుపు ఇరవై ఏళ్ళయినా ఉండకట్టదని పేరు. మొగుడు పోయి ఐదేళ్ళయింది. అప్పట్నించి వ్యాపారమంతా కూతురే చూసుకుంటోంది. మిషను విప్పి బాగుచేయడం దగ్గర్నించి, బేరానికి వచ్చినవాళ్ళని నవ్వించి ధర ఒప్పించడం దాకా అన్నీ తండ్రి పోలికే. వయసు ముప్ఫై నాలుగు. అందరూ పిలిచే పేరు గుప్పెడు. చిన్నప్పుడు పంచదార డబ్బాలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసేదని ఆ పేరు వచ్చిందని తల్లి చెబుతుంది. ఆ కథ ఎంత బాగా చెబుతుందంటే, గుప్పెడుకి తన చేతికంటిన పంచదార గుర్తున్నట్టే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను ఆగింది. వీధి కూడా భోజనాల వేళ కావడంతో సద్దుమణిగింది. అప్పుడు వెనక గదిలోంచి మళ్ళీ ఆ చప్పుడు వచ్చింది. ప్రతి ఊపిరి చివరా ఒక చిన్న మూలుగు. మూతపెట్టిన బుట్టలో పిల్లిపిల్ల ఉన్నట్టు. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఒకటి తప్పిపోయి, ఇక రాదేమో అనిపించేంతసేపు ఆగి, మళ్ళీ వచ్చింది. ముప్ఫై మూడేళ్ళుగా ఆవిడ వింటున్న చప్పుడే అది. అలవాటుపడిందా అంటే, దానికెవరు అలవాటుపడతారు. పరుపులావిడ లేచి వెనక గదిలోకి వెళ్ళి, మనిషెత్తు దూది కుప్ప ముందు మోకరిల్లి, మోచేతుల దాకా రెండు చేతులూ లోపలికి దూర్చింది. మెల్లగా వెతికింది. ఎక్కడో వెచ్చగా తగలాలి.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది వెనకనించి కూతురు.

"దబ్బనం."

"అది నీ ముడిలోనే ఉంది కదే."

నిజమే, జుట్టుముడిలో గుచ్చుకునే ఉంది. ఇద్దరూ నవ్వారు. కూతురికి ఆ నవ్వుకే ఆయాసం వచ్చి తలుపు పట్టుకుంది. ఆ ఆయాసం చివర కూడా అదే మూలుగు ఉంది. గదిలో వినపడేది ఏనాటిదో, తలుపు దగ్గర వినపడేది ఈనాటిది. రెండూ కలిసిపోయాయి.

ఇక అసలు సంగతి. ఈ పిల్ల ఏడో నెలలో పుట్టింది. బరువు కిలోకి వంద గ్రాములు తక్కువ. అంటే ఒక దిండులో పట్టే దూది కన్నా తక్కువ. తండ్రి అరచేతిలో పడుకోబెడితే వేళ్ళు ఇంకా మిగిలాయి. అదీ గుప్పెడంటే. నలభై ఆరు రోజులు ఆస్పత్రి గాజుపెట్టెలో ఉంది, అందులో పద్దెనిమిది రోజులు గొంతులో గొట్టంతో. ఇంటికి పంపేటప్పుడు నర్సు మూడే ముక్కలు చెప్పింది: వెచ్చగా ఉంచండి, పొడిగా ఉంచండి, జనంలోకి తీసుకెళ్ళకండి. మేడ మీద గోడలకి చెమ్మ. కిటికీ సందుల్లోంచి చలిగాలి. ఆ కొంపలో వెచ్చగా, పొడిగా, జనం రాకుండా ఉండే చోటు ఒక్కటే, వెనక దూది గది. మొదటి చలికాలమంతా, రెండో చలికాలం సగం, బిడ్డ అక్కడే పెరిగింది. దూదిలో గూడు చేసి అందులో పడుకోబెట్టేవాళ్ళు. పక్క గదిలో మిషను తిరుగుతూ ఉండేది.

వాళ్ళకి తెలియదా అని అడిగితే ఏం చెబుతాం. దూది పనివాళ్ళు ఏకేటప్పుడు లేచే నుసిని ఎన్నడూ దుమ్మనుకోలేదు. దుమ్మంటే వీధిలోది, నల్లగా ఉంటుంది, తుడవాలి. నుసి అంటే పని. కనురెప్పల మీద వాలుతుంది, దులుపుకుంటే పోతుంది. అంత తెల్లగా ఉన్నది చెడ్డదెలా అవుతుంది? "మహారాజుల పిల్లలకి కూడా ఇంత మెత్తటి పక్క ఉండదు" అని మొగుడు మురిసిపోయేవాడు. పరుపులావిడ కూడా మురిసిపోయింది. ఆ మురిపెమే ఇప్పుడు ఆవిడని ఎక్కువగా కాలుస్తోంది.

పద్నాలుగో నెలలో బిడ్డకి జ్వరం వచ్చి, డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. న్యుమోనియా అన్నారు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మూడో రోజున ఒక కుర్ర డాక్టరు వచ్చి, పాప పడుకునేదెక్కడ అని అడిగాడు. పక్కనే ఉన్న అత్తగారు కోడలి మోచెయ్యి గిల్లింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అనేది అత్తగారి ఊతపదం. "మేడ మీద, ఉయ్యాల్లో" అంది పరుపులావిడ. డాక్టరు రాసుకున్నాడు. అదీ మొదటి అబద్ధం. మొదటిది చెప్పడమే కష్టం, తరవాతవి వాటంతటవే వస్తాయి.

బిడ్డ బతికి ఇంటికొచ్చిన రోజు మొగుడు అన్నాడు, "ఇక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు. ఇవాళ్టి నుంచి ఇది అందరి పిల్లల్లాంటిదే." ఆస్పత్రి కాగితాలన్నీ మడిచి, అప్పుడు కుడుతున్న పరుపులో పెట్టి ఆయనే కుట్టేశాడు. ఆ పరుపు వారంలోపే అమ్ముడుపోయింది. దాని మీద ఎవరు నిద్రపోయారో, వాళ్ళకేం కలలు వచ్చాయో. బిడ్డని మేడ మీదికి మార్చారు. పిల్ల నిజంగానే అందరి పిల్లల్లా పెరిగింది. ఆటల్లో కొంచెం ముందుగా అలిసిపోయేది, అంతే. దాని తొందర చూసి దుకాణానికి వచ్చినవాళ్ళు "ఏడో నెల్లో పుట్టావా ఏమిటే" అని హాస్యమాడేవాళ్ళు, ఎవరినైనా అన్నట్టే. అందరూ నవ్వేవాళ్ళు. పరుపులావిడ పళ్ళతో దారం తెంపుకునేది.

అత్తగారు పోయింది. మొగుడూ పోయాడు. ఇప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే.

ఆరేళ్ళుగా గుప్పెడుకి ఉబ్బసమని మందు ఇస్తున్నారు. పీల్చే మందు రంగు మారింది, మోతాదు పెరిగింది, మధ్యమధ్య స్టెరాయిడ్ బిళ్ళలు మింగి మొహం ఉబ్బింది. మెట్లు మాత్రం తగ్గుతూనే వచ్చాయి. ఆఖరికి ఎవరో చెబితే ఊపిరితిత్తులకే ప్రత్యేకమైన ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. రెండో అంతస్తులో క్లినిక్. గుప్పెడు రెండుసార్లు ఆగి ఎక్కింది.

పరీక్ష గది చిన్నది. బల్ల మీద మిషను, దానికో గొట్టం, గొట్టానికి అట్ట మూతి. మిషను నడిపే అమ్మాయి గుప్పెడు ముక్కుకి క్లిప్పు పెట్టింది. "గుండెలనిండా పీల్చండి. ఒక్కసారిగా ఊదండి. ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా." గుప్పెడు మొహం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. తెర మీద గీత లేచి, లేచినంతసేపు పట్టకుండానే వాలిపోయింది. మందు పీల్పించి, ఇరవై నిమిషాలాగి మళ్ళీ ఊదించారు. రెండో గీత మొదటి గీత మీదే పడింది. గొట్టం నోట్లోంచి తీసిన ప్రతిసారీ కూతురి గొంతులో ఆ మూలుగు వస్తోంది. ఇక్కడికి కూడా వచ్చిందా అనుకుంది పరుపులావిడ. దూది గదిలో వదిలిపెట్టి వచ్చాననుకుంది పాపం.

డాక్టరమ్మ కాగితాలు చాలాసేపు చూసింది. "ఊపిరి ఉండాల్సినదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే ఉంది. అరవై దాటినవాళ్ళలో చూస్తాను ఇలాంటిది. సిగరెట్లా?"

"వాసన కూడా పడదండీ" అంది గుప్పెడు.

"చిన్నప్పుడు ఏమైనా జబ్బులు? పుట్టుక మామూలేనా?"

గుప్పెడు తల్లి వైపు తిరిగింది. ఆ తిరగడంలో ఎంత నమ్మకముందో చూస్తే రాయికైనా నోరొచ్చేది.

"నెలలు నిండే పుట్టింది. జలుబు కూడా ఎరగదు" అంది పరుపులావిడ.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "మరి నాకు లెక్క కుదరడం లేదమ్మా. ఉబ్బసమైతే మందుకి కొంతైనా మారాలి. ఇది కదల్లేదు. ఉబ్బసమే, మొండిదనుకుంటే బిళ్ళలు ఇంకా పెంచాలి, అవి ఎముకల్ని తింటాయి. ఒకవేళ మీ దూది నుసి వల్లే అయితే దారి వేరు." ఒక్క క్షణం ఆలోచించి, "మీరెన్నేళ్ళుగా చేస్తున్నారీ పని?" అంది.

"నలభై ఏళ్ళు."

"ఆమె కన్నా ఎక్కువన్నమాట. నుసే కారణమైతే మీకూ కనబడాలి. ఒకసారి మీరూ ఊదండి."

పరుపులావిడకి కాళ్ళకింద నేల గట్టిపడినట్టయింది. దారి దొరికింది. తను తక్కువ ఊదితే చాలు. తల్లికీ తక్కువే, కూతురికీ తక్కువే, తప్పంతా నుసిది, అదీ పెద్దయ్యాక పీల్చిన నుసిది. ఇక గాజుపెట్టె దాకా, దూది గూడు దాకా ఎవరూ వెళ్ళరు. పైగా ఇంకో మాట కూడా ఉంది, అది ఆవిడ తనకి తాను కూడా చెప్పుకోలేదు. తన పిల్ల కన్నా తన దగ్గర ఎక్కువ ఊపిరి ఉందని ఆ తెర మీద పడకూడదు. ఏ తల్లయినా అది చూడగలదా.

అరవై రెండేళ్ళ మనిషి, కుర్చీలో చిన్నపిల్లలా ముడుచుకుని కూర్చుంది. క్లిప్పు పెట్టారు. సగం పీల్చింది. మూరెడు దూరంలో దీపం ఆర్పినట్టు ఊదింది.

"అమ్మా, దాచుకోకండి" అంది మిషను అమ్మాయి. "మళ్ళీ."

మళ్ళీ అంతే. తేలు కుట్టిన దొంగలా కళ్ళు నేలకేసి పెట్టుకుంది పరుపులావిడ.

"మూడుసార్లూ ఒకేలా రావాలమ్మా. ఇవి ఒకదానికొకటి పొంతన లేదు. కావాలని ఆపేస్తే మిషనుకి తెలిసిపోతుంది."

"ముసలిదాన్ని తల్లీ, ఎక్కణ్ణించి వస్తుంది."

అప్పుడు గుప్పెడు లేచి వచ్చి తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఎప్పటి కొంటెతనమే మొహంలో. "ఏమే, వీధి చివర బేరమాడేవాళ్ళని దుకాణంలోంచే కేకేస్తావు, ఈ గొట్టంలోకి ఊదలేవూ? పీల్చు. ఇంకా పీల్చు. ఊఁ, ఊదు. ఊదు. ఊదు. ఇంకా..." తనూ తల్లితోపాటే బుగ్గలు పూరించి ఊదుతోంది. నాలుగో మాటకి గుప్పెడు గొంతు ఆగిపోయింది. అయిదో మాట రాలేదు. నోరు తెరిచి, తల్లి మోకాలు పట్టుకుని గాలి కోసం వెతుక్కుంది. ఊరికే ఊదమని చెప్పడానికే దానికి ఊపిరి చాలలేదు.

పరుపులావిడ దగ్గర ఇంకా ఉంది. లోపల బోలెడు ఉంది. దాన్ని ఇక పట్టుకోలేకపోయింది. వదిలింది. అది వస్తూనే ఉంది. గీత ఎక్కి, నిలబడి, తీరుబడిగా వాలింది. ఆ వాలినంతసేపూ ఆవిడ కూతురి కళ్ళలోకి చూస్తూ సిగ్గుతో చచ్చిపోయింది. తరవాత రెండుసార్లూ అంతే వచ్చాయి.

"బాగుందమ్మా" అంది మిషను అమ్మాయి సంతోషంగా. "మీ వయసుకి చాలా బాగుంది."

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "అయితే ఇది పనిలో పీల్చిన నుసి ఒక్కటే కాదు" అంది. "అసలు కారణం వెనకెక్కడో ఉంది."

"ఏడో నెలలో పుట్టింది" అంది పరుపులావిడ.

డాక్టరమ్మ కలం అందుకుంది.

"తొమ్మిది వందల గ్రాములు. నలభై ఆరు రోజులు గాజుపెట్టె. పద్దెనిమిది రోజులు గొట్టం. పద్నాలుగో నెలలో న్యుమోనియా, పదకొండు రోజులు." అడగకముందే అన్నీ చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళుగా నాలిక మీదే ఉన్నాయేమో, ఒక్కటి కూడా తడబడలేదు. తరవాత దూది గది సంగతి చెప్పింది. ఆ కుర్ర డాక్టరుతో ఆడిన అబద్ధం చెప్పింది. పరుపులో కుట్టేసిన కాగితాలు చెప్పింది. చెబుతున్నంతసేపూ డాక్టరమ్మ వైపే చూసింది. పక్కకి చూసే ధైర్యం లేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. రాసుకుంటూ, గుప్పెడు వైపు తిరిగి నిదానంగా చెప్పింది. "ఊపిరితిత్తుల్లో గాలి గదులు కడుపులో ఆఖరి నెలల్లోనూ, పుట్టాక మొదటి రెండు మూడేళ్ళలోనూ ఎక్కువగా ఏర్పడతాయి. మీకు ఆ పని మధ్యలో ఆగింది. ఆ పైన జబ్బు చేసింది. ఇరవై దాటేసరికి అందరికీ నిండినంత మీకు నిండలేదు. అక్కణ్ణించి ఎవరికైనా తగ్గడమే. మీరు తక్కువ మీద మొదలుపెట్టారు, అందుకే ముందు బయటపడింది."

పరుపులావిడకి ఆ మాట ఇంకొకరు విడమరచి చెప్పక్కర్లేదు. దూది తక్కువ పెట్టి కుట్టిన పరుపు కొత్తలో అన్ని పరుపుల్లాగే ఉంటుంది. గలేబు తళతళలాడుతుంది. పదేళ్ళ తరవాత వీపుకి చెక్క తగులుతుంది.

"ఆ బిళ్ళలు పెంచను. మెల్లగా మాన్పిస్తాను" అంది డాక్టరమ్మ. "స్కాను తీయిద్దాం. ఊపిరి పొదుపుగా వాడుకునే వ్యాయామాలు నేర్పుతారు. ఉన్నదాన్ని చాలా ఏళ్ళు కాపాడుకోవచ్చు. కానీ దూది పని ఇవాళ్టితో ఆపాలి."

గుప్పెడు తలాడించింది. తండ్రి మిషను, తండ్రి కుర్చీ, తనదనుకున్న బతుకంతా ఆ తలాడించడంలో పోయింది.

"అందులో నా పాలెంత డాక్టరమ్మా?" అని అడిగింది పరుపులావిడ.

"అర్థం కాలేదు."

"ముందుగా పుట్టినందుకెంత, జబ్బు వల్ల ఎంత, నేను దూదిలో పడుకోబెట్టినందుకెంత."

"అలా విడదీసి తూచే మిషను లేదమ్మా" అంది డాక్టరమ్మ. గొంతు మెత్తగానే ఉంది. జీవితమంతా దూదిని గ్రాములతో సహా తూచిన మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

ఇద్దరూ మెట్లు దిగారు. మొదటి మలుపు దగ్గర గుప్పెడు మెట్టు మీదే కూర్చుంది. పరుపులావిడ రెండు మెట్లు కింద నిలబడింది. తిడుతుందని చూసింది. తిడితే బాగుండునని చూసింది.

"ఆ గదిలో నువ్వెక్కడ పడుకునేదానివి?" అంది గుప్పెడు.

"నీ పక్కనే. నీ వీపు మీద చెయ్యి వేసుకుని."

"రోజూనా?"

"రోజూ."

"అయితే నీకు వినబడలేదా?"

గుప్పెడు గొంతులో కోపం లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. పాము చెవుల మనిషి గోడకి చెయ్యి ఆనించుకుంది.

"వినబడేది" అంది. "ప్రతి ఊపిరికీ మూలిగేదానివి. వెచ్చగా ఉంది కదా, హాయిగా ఉండి మూలుగుతున్నావనుకున్నాను. నాకు ఎంత సంతోషంగా ఉండేదో."

గుప్పెడు గోడవైపుకి జరిగి, పక్కన చోటిచ్చింది. పైనుంచి దిగేవాళ్ళు ఇద్దరు వాళ్ళని తప్పుకుని పోయారు. పరుపులావిడ మాత్రం వెంటనే వెళ్ళి కూర్చోలేకపోయింది.